మే 10, ఆదివారం: కార్డు దొరకలేదు

ఈరోజు మదర్స్ డే అని పొద్దున తమ్ముడి మెసేజ్ చూసేదాకా నాకు గుర్తే లేదు. నా తప్పు కూడా కాదులెండి, ఇక్కడ ఇంగ్లండ్‌లో, మా లీడ్స్‌లో అది మార్చి 15నే అయిపోయింది. అప్పుడు సూపర్‌మార్కెట్ గుమ్మంలోనే పసుపు డాఫోడిల్ కట్టలు బకెట్ల నిండా పెట్టారు, లోపల ఒక గోడంతా కార్డులే, నేనేమో మనకి మేలో కదా ఇంకా బోలెడు టైముంది అనుకుని పాలు, ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేశాను. ఇవాళ పదకొండింటికి అదే షాపుకి పరిగెత్తితే ఆ గోడ మీదికి ఫాదర్స్ డే కార్డులు వచ్చేసి ఉన్నాయి. ప్రతి ఏడూ ఇదే కథ. ఇవాళ కొన్నా అది తణుకులో అమ్మకి చేరేసరికి ఎన్నాళ్లు పడుతుందో తెలుసు, అయినా దొరక్కపోయేసరికి ఉక్రోషం వచ్చింది.

ఇక్కడివాళ్లది అసలు వేరే పండగ. మదరింగ్ సండే అంటారు, ఈస్టర్‌కి సరిగ్గా మూడు వారాల ముందొచ్చే ఆదివారం. ఈస్టర్ చంద్రుణ్ని బట్టి జరుగుతుంది కాబట్టి ఇదీ మన పండగల్లాగే ఏటా ముందుకీ వెనక్కీ పోతుంటుంది. వెనకటికి పెద్దిళ్లలో పనికి కుదిరిన పిల్లలకి ఆ రోజు సెలవిచ్చి ఇంటికి పంపేవాళ్లట, వాళ్లు దారిలో పూలు కోసుకుని అమ్మకి తీసుకెళ్లేవాళ్లట. నాకు ఇదే నచ్చింది. పూలు కాదు, ఆ సెలవు.

మనవాళ్లు పట్టుకున్నది మాత్రం అమెరికా వాళ్లది, మే రెండో ఆదివారం. దాన్ని మొదలుపెట్టిన అన్నా జార్విస్ 1908లో ఇదే మే 10న వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ చర్చికి వాళ్లమ్మ జ్ఞాపకంగా 500 తెల్ల కార్నేషన్ పూలు పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ ప్రకటన చేసి దాన్ని దేశమంతటి పండగ చేశాడు. తర్వాత పూల వ్యాపారులూ కార్డుల కంపెనీలూ ఎగబడేసరికి ఆవిడకి ఒళ్లు మండి, తను పెట్టిన పండగ మీద తనే జీవితాంతం పోట్లాడింది. రెండు ముక్కలు చేత్తో రాయడానికి బద్ధకించేవాళ్లకే అచ్చు కార్డులు కావాలని ఆవిడ అభిప్రాయం. అంటే పొద్దున నేను చేసిన పనికి ఆవిడ చేతిలో నాకు మొట్టికాయే.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఇంకో మెట్టు ఎక్కాడు, ఏదో యాప్‌లో తణుక్కి కేక్ పంపించాడు. అమ్మకి షుగరు. వీధిలో పిల్లలు తినేశారట.

మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే పక్కింటి నేపాలీ ఆవిడ గోడ దగ్గరికొచ్చింది. నేను కార్డు గోల చెప్తే నవ్వి, మాది పోయిన నెలలోనే అయిపోయింది అంది. వాళ్లకి వైశాఖంలో అమావాస్య. మాతా తీర్థ ఔంసీ అని పేరు, మామూలుగా మాత్రం ‘ఆమాకో ముఖ్ హేర్నే దిన్’ అంటారట, అంటే అమ్మ ముఖం చూసే రోజు. అమ్మ ఉన్నవాళ్లు మిఠాయిలు పట్టుకుని ఇంటికి వెళ్తారు. లేనివాళ్లు కాఠ్మాండూ దగ్గర మాతాతీర్థమని ఒక కొలను ఉంది, అక్కడికి వెళ్లి స్నానం చేసి, దానం ఇస్తారు. చనిపోయిన తల్లి ముఖం ఒకప్పుడు ఆ నీళ్లలో కనపడేదని కథ. ఆవిడకి అమ్మ లేదు. ఏమనాలో తెలీక క్లిప్పులు సర్దుతూ నిలబడ్డాను.

రెండింటికి, అంటే అక్కడ సాయంత్రం ఆరున్నరకి, అమ్మకి వీడియో కాల్ చేశాను. కార్డు సంగతి చెప్తే, "మార్చిలో ఒకటి, మేలో ఒకటీ ఉంటే రెండుసార్లు తీరిగ్గా మాట్లాడొచ్చుగా, దానికి ఏడుపెందుకే?" అంది. మనకంటూ ఒక రోజు లేదు చూడమ్మా అన్నాను. "ఎందుకు లేదు, పోలాల అమావాస్య చేస్తా కదా!"

నిజమే, మన లెక్కలో తల్లుల పండగంటే తల్లి తెల్లారకుండా లేచి పిల్లల కోసం చాకిరీ చేసే రోజు. శ్రావణం ఆఖరున వస్తుంది. చిన్నప్పుడు నాన్న కంద మొక్కని దుంపతో సహా తవ్వుకొచ్చేవాడు, ముగ్గేసి దాన్ని నిలబెట్టి, పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి కందకి, ఒకటి నాకు. పూజ అయ్యేదాకా బూరెలు ముట్టుకోనిచ్చేది కాదు, తను మాత్రం అందరూ తిన్నాక తినేది. నా దారం ఇప్పటికీ కడుతోంది, దేవుడి గూట్లో దాచి ఎవరైనా ఇటు వస్తుంటే పంపిస్తుంది. పోయినేడాదిది నవంబర్లో ఆవకాయ ప్యాకెట్‌కి చుట్టి వచ్చింది, పసుపేదో కారమేదో తెలీకుండా.

ఇదంతా మాట్లాడుతుంటే ఫోన్లో నాకు కనపడుతున్నది సీలింగ్ ఫ్యాను, కింద మూలగా అమ్మ నుదురూ బొట్టూ. ఎన్నిసార్లు చెప్పినా అంతే. "అమ్మా, ఫోన్ కొంచెం కిందకి దించు, మొహం కనపడట్లేదు" అన్నాను.

"నాకు నువ్వు బాగానే కనపడుతున్నావులే," అంది.