అల్లుడి పెరట్లో అనుమతి లేని ఆనకట్ట

ఉద్యోగ జీవితంలో ముప్పై నాలుగేళ్లు నీటిపారుదల శాఖలో చెరువు గట్లు, నీరు వదిలే తూములు, మిగులు నీరు పొర్లిపోయే కలుజులు చూసుకుంటూ గడిపినవాణ్ని నేను. పదవీ విరమణ చేసి విశాఖపట్నంలో స్థిరపడ్డాక మళ్లీ ఒక ఆనకట్ట ముందు నిలబడి తల గోక్కోవలసి వస్తుందని, అదీ అమెరికాలో, మా అల్లుడి పెరట్లో, ఇరవై కిలోల జంతువు కట్టిన ఆనకట్ట ముందు అని ఎన్నడూ అనుకోలేదు. ఉదయం శివాజీ పార్కులో నాతో నడిచే మిత్రులకు ఈ సంగతి రోజుకో ముక్క చొప్పున చెప్పి విసిగించాను. అంతా ఒకచోట రాసి పడేస్తే తమకు విముక్తి దొరుకుతుందని వాళ్లే అన్నారు కనుక రాస్తున్నాను.

మా అమ్మాయి, అల్లుడు మసాచుసెట్స్ రాష్ట్రం పశ్చిమ భాగంలో నాలుగెకరాల స్థలంతో ఒక పాత ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి వెనుక నేల పల్లంగా, చదునుగా సాగి ఒక సన్నని వాగు దగ్గర ఆగుతుంది. మన ఉత్తరాంధ్ర మాటలో దాన్ని గెడ్డ అనాలి. గత ఏడాది ఏప్రిల్ చివర మేము వెళ్లేసరికి ఆ గెడ్డ హద్దు దాటి పెరట్లోకి వచ్చి కూర్చుంది. మేపుల్ చెట్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. గోంగూర, తోటకూర వేసుకుందామని అమ్మాయి చేయించిన మడులు కనబడటమే లేదు. అవన్నీ ఓర్చుకోదగినవే. ఓర్చుకోలేనిది సెప్టిక్ ట్యాంకు సంగతి. అక్కడి పల్లె ప్రాంతంలో ఊరుమ్మడి మురుగు కాలువ లేదు. ట్యాంకు నుంచి వెలువడే నీరు చిల్లుల గొట్టాల గుండా నేలలోకి ఇంకిపోవాలి. ఆ నేలే అడుగు నుంచి నానిపోతే ఇంకడానికి చోటుండదు, నీరు ఇంట్లోకి ఎదురు తంతుంది. మేము దిగిన వారంలోనే మా అల్లుడు స్నానాలకు వంతులు పెట్టవలసి వచ్చింది. అత్తమామలను నీళ్లు పొదుపుగా వాడమని అడగడం అతనికి ఎంత ఇబ్బందిగా ఉండి ఉంటుందో మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంటికి నూట యాభై గజాల దిగువన, గెడ్డకు అడ్డంగా, కర్రలూ బురదా రాళ్లతో కట్టిన గట్టు ఉంది. పొడవు అరవై అడుగులు, ఎత్తు నాలుగడుగులకు కాస్త తక్కువ. కట్టింది బీవర్ల కుటుంబం.

బీవర్ అనగానే మా నడక మిత్రుల్లో ఒకాయన "మన నీటికుక్కే కదండీ" అన్నారు. కాదు. నీటికుక్క చేపలు తిని బతికే మాంసాహారి. బీవర్ ఎలుకలు, ఉడుతల వర్గానికి చెందిన శాకాహారి. చెట్ల బెరడు, ఆకులు, నీటి మొక్కలు దాని తిండి. ప్రపంచంలో ఉన్నవి రెండే జాతులు, ఒకటి ఉత్తర అమెరికాది, మరొకటి యూరప్, ఆసియాల చల్లని ప్రాంతాలది. మన దేశంలో లేదు. ముందు పళ్ల పింగాణీ పొరలో ఇనుము ఉండటం వల్ల అవి నారింజ రంగులో ఉంటాయి, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. తోకతో బురద మోస్తుందని కథలు చెబుతారు గానీ, నేను సాయంకాలాలు ఒడ్డున కుర్చీ వేసుకుని చూసినంత వరకు, బురదను ముందు కాళ్లతో గుండెకు అదుముకునే తెచ్చుకుంటుంది. తోక ఉన్నది ఈతకూ, నాలాంటివాడు కనబడితే నీటి మీద ఫెడీల్మని కొట్టి ఇంటిల్లిపాదినీ హెచ్చరించడానికీ.

అది గట్టు కట్టేది లోతు కోసం. దాని గూటి ద్వారం నీటి అడుగున ఉండాలి, అప్పుడే తోడేలు, కొయోటి వంటివి లోపలికి రాలేవు. శీతాకాలంలో పైన మంచు గడ్డకట్టినా, ముందే నీటి అడుగున దాచుకున్న కొమ్మలను ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకునేందుకు అడుగున నీరు మిగలాలి. మన పాత రాజులు కోట కట్టి చుట్టూ కందకం తవ్వించేవారు. ఇది ముందు కందకం నింపుకుంటుంది.

ఇక నా ఘనకార్యం. ఒక ఉదయం ఇంట్లో ఎవరూ లేవకముందే షెడ్డులోని పార పట్టుకుని వెళ్లి ఆ గట్టుకు మూడడుగుల వెడల్పున గండి కొట్టాను. రెండు గంటలు పట్టింది. కర్రలు ఒకదానిలో ఒకటి ఎంత చక్కగా అల్లుకుని ఉన్నాయంటే, ఒక్కొక్కటీ లాగుతున్నప్పుడు పాడు చేస్తున్నందుకు నాకు మనసులో నొచ్చుకుంది కూడా. సాయంత్రానికి నీటి మట్టం జానెడు తగ్గింది. నేను భోజనాల బల్ల దగ్గర కొంచెం గర్వంగానే మాట్లాడాను. మర్నాడు ఉదయం వెళ్లి చూస్తే గండి పూడిపోయి ఉంది, పైగా ఆ చోట గట్టు మునుపటి కంటే మందంగా ఉంది. మా శాఖలో మూడడుగుల గండి పూడ్చాలంటే అంచనా వేయాలి, మంజూరు రావాలి, ఇసుక బస్తాలు చేరాలి. వానాకాలం వెళ్లిపోయేలోగా పని మొదలైతే గొప్ప. ఇక్కడ ఒక్క రాత్రిలో అయిపోయింది.

అమ్మాయికి తెలిసి తల పట్టుకుంది. "నాన్నా, ఇక్కడ ఆ గట్టును కదపాలన్నా అనుమతి ఉండాలి" అంది. విచారిస్తే నిజమే. మసాచుసెట్స్‌లో 1996లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా జంతువు శరీరాన్ని పట్టి నొక్కే బోనులను చాలావరకు నిషేధించారు. బీవర్లు పెరిగాయి, మునిగిన బావులు, రోడ్ల గురించి ఫిర్యాదులూ పెరిగాయి. 2000లో చట్టాన్ని సవరించి, ప్రజారోగ్యానికో భద్రతకో ముప్పు ఉన్నప్పుడు ఊరి ఆరోగ్య మండలి పది రోజుల అత్యవసర అనుమతి ఇచ్చే వీలు కల్పించారు. ఆ అనుమతితో బీవర్లను బోను పెట్టి పట్టవచ్చు, గట్టుకు గండి కొట్టవచ్చు, లేదా నీటి మట్టాన్ని అదుపు చేసే గొట్టం అమర్చవచ్చు. పట్టుకుని వేరేచోట వదలడం మాత్రం అక్కడ చట్టవిరుద్ధం. మన తలనొప్పిని పక్క ఊరికి అంటగట్టకూడదన్న ఆ నియమం నాకు సబబుగానే తోచింది. అన్ని కాలాల్లోనూ అన్నిచోట్లా అలా లేదు లెండి: 1948లో ఐడహో రాష్ట్ర అధికారులు 76 బీవర్లను చెక్కపెట్టెల్లో పెట్టి, విమానం నుంచి పారాచూట్లతో కొండల్లోకి దింపారు. ఒక్కటి తప్ప అన్నీ క్షేమంగా దిగాయట.

అనుమతి లేకపోవడం కంటే నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. గండి కొడితే ఆ నీరంతా ఒక్కసారిగా దిగువవాళ్ల మీదికి పోతుంది. చెరువుల మీద బతికినవాడికి మొదట రావలసిన ఆలోచన అది. నాకు రెండో రోజున వచ్చింది.

గండి ఎందుకు అంత త్వరగా పూడిందో ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. లార్స్ విల్సన్ అనే స్వీడన్ జీవశాస్త్రవేత్త 1960లలో బీవర్లను పెంచి చూస్తూ, పారే నీటి చప్పుడును లౌడ్‌స్పీకరులో వినిపించాడు. అక్కడ నీరు లేకపోయినా బీవర్లు వచ్చి ఆ స్పీకరు మీద కర్రలూ బురదా పేర్చాయి. అంటే నీరు కారుతున్న చప్పుడే దానికి పిలుపు. గండి కొట్టడమంటే పగలంతా దాని చెవిలో నగారా మోగించడం. గట్టును ఎదుర్కోవడం వృథా. చప్పుడు లేకుండా, దానికి తెలియకుండా నీరు బయటికి పోయే దారి చూడాలి.

ఆ దారికి అక్కడ పనితీరు తెలిసిన ఏర్పాట్లు ఉన్నాయి. దక్షిణ కెరొలినాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంవారు ఒక రకం రూపొందించారు. మెయిన్ రాష్ట్రంలో పెనాబ్‌స్కాట్ ఆదివాసీల భూముల్లో పనిచేసిన స్కిప్ లైల్ మరో రకం తయారుచేశాడు. కాలిఫోర్నియాలోని మార్టినెజ్ పట్టణంలో 2007లో నడిబొడ్డున ఉన్న వాగులో బీవర్లు గట్టు కడితే, వరద భయంతో వాటిని తొలగించాలనుకున్న నగరపాలకులు ప్రజల ఒత్తిడికి తగ్గి, మరుసటి సంవత్సరం ఇతని చేతే గొట్టం వేయించుకున్నారు.

మా అల్లుడు సెప్టిక్ ముప్పు చూపి ఆరోగ్య మండలి అనుమతి తెచ్చుకున్నాడు. గొట్టం అమర్చే పని చేసే ఒక స్థానికుడు వచ్చి, మట్టం ఎంత దించాలని అడిగాడు. ఎంత వీలైతే అంత అన్నాడు అల్లుడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మరీ దించితే బీవర్లకు లోతు చాలదు, అవి మరోచోట మరో గట్టు మొదలుపెడతాయి. మీకు చాలినంత దించండి, వాటికి చాలినంత ఉంచండి అన్నాడు. ఈ మాట విన్నాక నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకంటే ఇది నాకు తెలిసిన లెక్క. మన తాపీ మేస్త్రీలు మట్టం చూసుకోవడానికి వాడే పారదర్శకపు గొట్టం లాంటిది ఒకటి కొనిపించి, అల్లుణ్ని ఒక కొన పట్టుకోమని, మురుగు ఇంకే నేల ఎత్తుకూ గట్టు తలకూ తేడా కొలిచాను. పద్నాలుగు అంగుళాలు దిగితే చాలు. గూడు ముందు ఇంకా మూడడుగుల పైచిలుకు లోతు మిగులుతుంది.

ఏర్పాటు ఇదీ. పదిహేను అంగుళాల వ్యాసం, నలభై అడుగుల పొడవు ఉన్న ప్లాస్టిక్ గొట్టాన్ని గట్టులో తవ్విన గాడిలో, మనకు కావలసిన మట్టంలో కూర్చోబెడతారు. దాని లోపలి కొనను చెరువు మధ్యకు, లోతైన చోటికి తీసుకుపోయి, చుట్టూ ఆరడుగుల వెడల్పున్న గుండ్రటి ఇనుప తీగల పంజరం దించి, సిమెంటు దిమ్మలతో అడుగుకు బిగిస్తారు. నీరు ఆ పంజరం అంతటి నుంచీ నెమ్మదిగా చేరుతుంది కనుక ఎక్కడా లాగినట్టు ఉండదు, చప్పుడు ఉండదు. పంజరం గళ్లు ఆరంగుళాలవి, పిల్ల బీవర్లు ఇరుక్కోకుండా. గొట్టం బయటి కొన దిగువన గట్టుకు దూరంగా ఉంటుంది. బీవర్లు గాడిని పూడ్చుకుని గొట్టం పైన మళ్లీ గట్టు కట్టుకుంటాయి, కట్టుకోనివ్వాలి.

అడుగు ఎత్తు తేడా దగ్గర ఆ గొట్టం ఎంత నీరు లాగుతుందో లెక్క వేశాను. సుమారు ఆరున్నర క్యూసెక్కులు వచ్చింది. ఆ గెడ్డ మామూలు పారుదలకు అది ఎక్కువే. పెద్ద వాన కురిస్తే చాలదు. అప్పుడు నీరు గట్టు మీదుగా పొర్లుతుంది. అంటే గొట్టం తూము, గట్టు తల కలుజు. నా వయసులో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదని ఆ రోజు తేలికపడ్డాను, అది తొందరపాటని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం దేవరాపల్లి దగ్గర మా ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెబితే, వాడు చాలాసేపు నవ్వాడు. "అన్నయ్యా, మన పందికొక్కులు గట్టు తొలిచి చెరువు ఖాళీ చేస్తాయి, అక్కడివి గట్టు కట్టి నింపుతాయా? ఓ జత పట్టుకొచ్చీ, మన చెరువు మీద వదిలీద్దాం" అన్నాడు. వాడి వేళాకోళంలో సగం నిజం ఉంది. మా ఊరి చెరువు నిండితే దిగువ బావుల్లో నీరు ఎలా పైకి వస్తుందో, బీవరు చెరువు వల్ల కూడా చుట్టుపక్కల భూగర్భ జలం అలాగే పెరుగుతుంది. కొంగలు, బాతులు, కప్పలు చేరతాయి. అయితే మన చెరువు ఎక్కడ ఉండాలో మనం నిర్ణయించుకుంటాం, బీవరు మనను అడగదు.

అడగవలసింది మనమేనని బీవరు వాదించగలిగితే మన దగ్గర జవాబు లేదు. బొచ్చు టోపీల కోసం యూరప్ వ్యాపారులు వేటాడి 18వ శతాబ్దం చివరికల్లా మసాచుసెట్స్‌లో బీవరన్నదే లేకుండా చేశారు. 20వ శతాబ్దంలోనే అవి తిరిగి వచ్చాయి. పాత బీవరు చెరువులు ఒండ్రుతో పూడి, గట్లు తెగి, చదునైన నల్లమట్టి పచ్చికబయళ్లుగా మారతాయి. మా అల్లుడు ముచ్చటపడి కొన్న పెరటి పల్లం మట్టి తవ్వి చూస్తే నాకు అలాంటిదేనని అనిపించింది. విశాఖలో చెరువు గర్భాల్లో వెలసిన కాలనీలను వానాకాలంలో చూస్తున్నవాణ్ని, నేను ఆ మాట గట్టిగా అనలేదు. స్థలం కొన్నప్పుడు నేనూ ఫొటోలు చూసి బాగుందన్నవాణ్నే.

మునిగిన మేపుల్ చెట్లలో కొన్ని చచ్చాయి. మిగిలినవాటి మొదళ్ల చుట్టూ నాలుగడుగుల ఎత్తున తీగల వల కట్టాం. చెట్టుకు అంటకుండా కాస్త ఎడంగా కట్టాలి, లేకపోతే ఫలితం లేదు. ఈ గొట్టం అన్నిచోట్లా పనికొస్తుందని నేను అనను. మరీ పల్లపు నేలల్లో, మట్టం దించడానికి చోటు లేని చోట బీవర్లను తీసేయడం తప్ప మార్గం లేదని ఆ గొట్టం వేసినాయనే ఒప్పుకున్నాడు. ఎదురింటి పెద్దమనిషి మొదటి నుంచీ తుపాకీ పక్షమే. అయితే మంచి చోటు ఖాళీ అయితే కొత్త బీవర్లు వచ్చి చేరతాయి, రెండేళ్ల పిల్లలు ఇల్లు విడిచి చోటు వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటాయి కనుక ప్రతి ఏడాదీ తుపాకీ పట్టుకోవలసి ఉంటుంది. గొట్టానికి ఏడాదికి రెండుసార్లు పంజరం మీది చెత్త తీస్తే సరిపోతుంది.

అక్టోబరులో మేము విశాఖ తిరిగి వచ్చేనాటికి పెరటి నేల ఆరింది, స్నానాల వంతులు పోయాయి. వచ్చేముందు గొట్టం పక్కన అంగుళాలు గీసిన కొలకర్ర ఒకటి పాతించాను. ఆదివారం ఆదివారం అల్లుడు దాని ఫొటో వాట్సాప్‌లో పంపుతాడు. శీతాకాలమంతా మట్టం రెండు అంగుళాలకు మించి కదలలేదు.

మొన్నటి ఆదివారం ఫొటోతో పాటు ఫోన్ కూడా వచ్చింది. పాత కుటుంబంలోంచి విడిపోయిన కుర్ర బీవరో, కొత్తదో గానీ, రెండు వందల గజాల దిగువన రోడ్డు కింది కల్వర్టు నోట్లో కర్రలు దోపడం మొదలుపెట్టిందట. ఆ కల్వర్టు పక్క పొలం తుపాకీ పెద్దమనిషిది. ఆయన మా అల్లుడి దగ్గరకు వచ్చి, మీ మామగారిని ఒకసారి అడగండి అన్నాడట. కల్వర్టుకు గొట్టం కాదు, నోటి ముందు వెడల్పుగా తెరుచుకునే కంచె కావాలి. రాత్రి కూర్చుని బొమ్మ గీసి, కొలతలు వేసి పంపాను. అనుమతి తెచ్చుకునేదాకా పార ముట్టవద్దని ఆయనకు గట్టిగా చెప్పమన్నాను.