పసుపు నీళ్ళు, సున్నపు తేట

“మీ పాపములు రక్తమువలె ఎఱ్ఱనివైనను అవి హిమమువలె తెల్లబడును.” (యెషయా 1:18)

మా నరసాపురం వైపు వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఈతలుండవు, బడి ఉండదు, పిల్లలకు ఏమీ తోచదు. మా మందిరంలో వి.బి.ఎస్. (పిల్లల వేసవి బైబిలు బడి) పెట్టేది ఆ రోజుల్లోనే. పాటలైతే పైకప్పు ఎగిరిపోయేలా పాడతారు. వాక్యం మొదలుపెట్టేసరికి సగం మంది చూపు కిటికీలోంచి మామిడిచెట్టు మీదికి పోతుంది.

ఆ చూపును ఇటు తిప్పడానికి పై వచనంతో పాటు ఒక చిన్న మ్యాజిక్ చేస్తుంటాను. ఒక గాజుగ్లాసులో చిటికెడు పసుపు కలిపిన నీళ్ళు. రెండో గ్లాసు అడుగున రెండు చెంచాల సున్నపు తేట. దూరం నుంచి చూస్తే మంచినీళ్ళే అనుకుంటారు. పసుపు నీళ్ళు అందులో పోయగానే ఎర్రగా తిరుగుతాయి. “పారాణి!” అని అరుస్తారు ఆడపిల్లలు. నిజమే, పెళ్ళికూతురి కాళ్ళకు పూసేది ఈ పసుపూ సున్నమే. మూడో గ్లాసులో ముందే పిండి ఉంచిన నిమ్మరసం ఉంటుంది. ఆ ఎర్రనీళ్ళు అందులో పోస్తే ఎరుపు విరిగిపోతుంది. పసుపులోని కర్కుమిన్ అనే రంగు పదార్థం సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్ళీ పసుపుపచ్చగా మారుతుంది. అంతకు మించి ఇందులో ఏమీ లేదు. (సున్నం మాత్రం పిల్లల చేతికివ్వకండి. కంట్లో పడితే చాలా ప్రమాదం.)

మొదటిసారి చేసినప్పుడు ముందు వరసలో కూర్చున్న ఏడేళ్ళవాడు వెంటనే పట్టేశాడు. “తెల్లగా అవ్వలేదు కదండీ టీచర్, పచ్చగానే ఉన్నాయి.” నిజంగానే పచ్చగా ఉన్నాయి. ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడైతే ముందే ఒప్పేసుకుంటాను: “నా నిమ్మకాయకు ఇంతే చేతనవును. వాక్యంలో ఉన్న తెలుపు నా గ్లాసులో రాదు.”

లండన్‌లో స్పర్జన్ అనే పేరుపొందిన బోధకుడు 1866లో ఒక ప్రసంగంలో అక్షరాలు లేని ఒక చిన్న పుస్తకం గురించి చెప్పారు. అందులో ఉన్నవి మూడే పేజీలు: నలుపు, ఎరుపు, తెలుపు. “హిమముకంటెను నేను తెల్లగా నుండునట్లు నీవు నన్ను కడుగుము” అనే 51వ కీర్తన మాట ఆ ప్రసంగానికి మూలం. బంగారు రంగు పేజీ తర్వాత 1875లో అమెరికా సువార్తికుడు మూడీ చేర్చినది. ఇప్పుడు ఆ పుస్తకాన్ని పిల్లల క్లాసుల్లోనే చూస్తాం గానీ, స్పర్జన్ చెప్పిన కథలో దాన్ని దగ్గర పెట్టుకున్నవాడు ఒక ముసలి బోధకుడు. తన పాపం, యేసు రక్తం, ఆ కడగడం తనకు గుర్తుండాలని మాటిమాటికీ తెరిచి చూసుకునేవాడట. టీచర్లం ఆ సంగతి మరిచిపోయి, బొమ్మలూ రంగులూ పిల్లలకేనని అనుకుంటాం.

మా సంఘ పెద్ద ఒకాయనకు ఈ గ్లాసుల వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు. “మందిరంలో గారడీ ఏంటమ్మా?” అన్నారు. అపొస్తలుల కార్యములు 8లో సమరయ సీమోను గురించి మన బైబిల్లో ఉన్న మాట కూడా అదే, “గారడీచేయుచు”. నాకు కోపం వచ్చింది. ఆ మర్నాడే ఒక పిల్లవాడు అడిగాడు: “టీచర్, కానా పెళ్ళిలో నీళ్ళను ద్రాక్షారసం చేసినప్పుడు యేసుప్రభువు కూడా బానల అడుగున ముందే ఏదన్నా పోసి ఉంచారాండీ?”

పెద్దాయన మాటకు లేని పదును ఆ ప్రశ్నకు ఉంది. నేను నాలుగు రోజులుగా వాళ్ళకు నేర్పింది అదే మరి.

ఆ రాత్రి యోహాను 2 మళ్ళీ చదివాను. రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతి బానలు. ఒక్కొక్కటి ఇప్పటి లెక్కలో 80 నుంచి 120 లీటర్లు. మన బిందె 15 లీటర్లదైతే ఆరు బానలకు 30 బిందెల పైమాటే. కుళాయి దగ్గర వరస కట్టే మా పిల్లలకు ఆ బరువు తెలుసు. నింపింది యేసు కాదు, పరిచారకులు. అంచులమట్టుకు నింపారు. విందు ప్రధానికి ఏమీ తెలియదు, “ఆ నీళ్లు తోడిన పరిచారకులకు తెలిసెను”. గారడీలో చేసేవాడికి తెలుస్తుంది, చూసేవాడికి తెలియదు. ఇక్కడ తెలిసింది నీళ్ళు మోసినవాళ్ళకు. అడుగున ఏమీ లేదని చెప్పగలిగింది వాళ్ళే.

అప్పటి నుంచి నేను మంత్రం చదివినట్టు నటించడం మానేశాను. ముందు చేసి చూపిస్తాను, వెంటనే గుట్టు విప్పేస్తాను. సున్నపు డబ్బా, నిమ్మచెక్క బల్ల మీద పెట్టి, రెండోసారి పసుపు నీళ్ళు వాళ్ళ చేతే పోయిస్తాను. గుట్టు తెలిశాక కూడా ఇంకోసారి, ఇంకోసారి అంటారు. వేర్వేరు పొడవుల మూడు తాళ్ళు సమానమయ్యే ట్రిక్కు కూడా ఉంది, “దేవుడు పక్షపాతి కాడు” అనే మాటకు బాగుంటుంది గానీ నా చేతికి ఎప్పుడూ కుదరదు.

చివరి రోజు ఆ కానా ప్రశ్న అడిగినవాడు ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాడు. తిరగేసి అడుగు చూశాడు, లోపల వేలు పెట్టి తుడిచాడు. బోరింగు దగ్గరికి వెళ్ళి తనే అంచుల దాకా నింపుకుని, ఒలకకుండా నడిచొచ్చి చాప మీద పెట్టాడు. దాని ముందు బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

“ఏం అవ్వట్లేదండీ” అన్నాడు కాసేపయ్యాక.

“అవ్వదు నాన్నా.”

తలూపాడు గానీ, ప్రార్థన అయ్యేదాకా గ్లాసు మీద నుంచి చూపు తిప్పలేదు.