పదో ప్రశ్న

కాన్పయిన ఆరో వారం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్. పాలపీకలు మరగబెడదామని గిన్నె పొయ్యి మీద పెట్టి, దాన్నే చూస్తూ నిలబడిపోయాను. నీళ్లు ఇగిరిపోయాయి. రబ్బరు మాడి ఇల్లంతా కమురు వాసన. పాప ఏడుస్తోంది. నా చెయ్యి లేవలేదు. తలుపు తోసుకుని వచ్చి పొయ్యి ఆపింది ఎదురింటి ఆమె. నల్లజాతి మనిషి, నాకంటే నెల ముందు ప్రసవించింది. మెట్ల దగ్గర ఎదురుపడితే అంతవరకు నేను తల దించుకుని వెళ్లిపోయేదాన్ని. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

"నిద్రపోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది, అంతే.

బాలింతకు దిగులు మామూలేనని అమ్మ ఫోనులో అంటే నమ్మాను. ఎదురింటి ఆమె పట్టుబట్టి మర్నాడే నన్ను డాక్టరు దగ్గరికి పంపింది. బాలింత దిగులును కొలిచే ఎడిన్‌బరో స్కేలు అనే పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. మార్కులు పెరిగేకొద్దీ దిగులు ఎక్కువని అర్థం. 30కి 19 వచ్చింది. డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని నేను ఏడ్చినంతసేపూ విన్నది. ఆ వారమే కౌన్సెలింగ్, మాత్రలు మొదలయ్యాయి. ఒకసారి వెళ్లకపోతే వాళ్లే ఫోను చేశారు. నాలుగో నెలలో పాప నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

అప్పుడు చెప్పింది ఎదురింటి ఆమె తన సంగతి. తన ఆసుపత్రిలో తనూ అదే కాగితం నింపిందట. మార్కులు ఎక్కువే వచ్చాయి. "మీరు గట్టి మనిషి, తట్టుకుంటారు" అని పంపేశారట. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని అడిగే పదో ప్రశ్నకు "ఎప్పుడూ లేదు" అని రాసింది. నిజం రాస్తే బిడ్డను అధికారులు తీసుకుపోతారని భయం. నాకు ఆ భయం తట్టనేలేదు. నా చర్మమూ తెల్లది కాదు, అయినా నా మాట విన్నారు.

బాలింతలకు ఈ పరీక్ష తప్పనిసరి చేస్తూ దేశంలో మొదట చట్టం తెచ్చింది న్యూజెర్సీయే, 2006లో. అయినా ఇక్కడ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉన్న తల్లుల మీద 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, కాన్పు తర్వాత మానసిక చికిత్స మొదలుపెట్టినవారు తెల్లజాతిలో 9 శాతం, నల్లజాతిలో 4 శాతం. కాగితం ఒక్కటే అయితే సరిపోతుందా?

తల్లుల కోసం 2022లో మొదలైన ఉచిత ఫోను సహాయ సేవ నంబరు, 1-833-852-6262, నా కౌన్సెలర్ ఇచ్చింది. ఒక రాత్రి మా వంటింట్లో కూర్చుని ఎదురింటి ఆమె ఆ నంబరుకు చేసింది. నలభై నిమిషాలు మాట్లాడింది. వాళ్ల బాబు నా భుజం మీద నిద్రపోయాడు. పదో ప్రశ్న వచ్చినప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని, "అవును" అంది.