ఏ రోజు, ఎన్ని గంటలకు దెబ్బ తగిలింది?

ఎడమ మణికట్టు ఆపరేషను తాలూకు క్లెయిము డబ్బు నిన్న సాయంత్రం బ్యాంకు ఖాతాలో పడింది. ఆపరేషనుకు గంటన్నర పట్టింది, ఈ డబ్బు రావడానికి పదకొండు వారాలు పట్టింది. కోపం చల్లారకముందే ఇది రాసిపెడుతున్నాను.

మాది గుంటూరు. ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటూ టెన్నిస్ ఆడుతున్నాను. మొత్తం బహుమతి సొమ్ము 15,000 డాలర్లుండే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నమెంట్ల స్థాయి నాది. ఆ మొత్తాన్ని సింగిల్స్, డబుల్స్ ఆడినవారంతా పంచుకోవాలి కాబట్టి, సొంత ఫిజియోను వెంట తిప్పుకొనే స్తోమత మాలో ఎవరికీ ఉండదు. కుడిచేతి వాటం ఉన్న మీకు ఎడమ మణికట్టు ఎందుకు పాడైందని ఆసుపత్రిలో ముగ్గురు అడిగారు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో బంతిని తోసేది ప్రధానంగా రాకెట్ పిడి మీద పైన ఉండే చేయి, అంటే నా ఎడమ చేయి. రాకెట్ తలను కిందికి దించి బంతి మీదికి లేపిన ప్రతిసారీ ఆ మణికట్టు చిటికెన వేలి వైపు వంగి మెలి తిరుగుతుంది. అక్కడ ముంజేతి ఎముకకూ మణికట్టు ఎముకలకూ మధ్య మెత్తలాంటి మృదులాస్థి, దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు ఉంటాయి. డాక్టర్లు టీఎఫ్‌సీసీ అనే ఆ భాగమే నాకు చిరిగింది. 2009లో యూఎస్ ఓపెన్ గెలిచిన డెల్ పోట్రోకు ఆ మరుసటి ఏడాది కుడి మణికట్టుకు, 2014, 2015 సంవత్సరాల్లో ఎడమ మణికట్టుకే మూడుసార్లు శస్త్రచికిత్స జరిగింది. మన సానియా మీర్జా 2008 బీజింగ్ ఒలింపిక్స్ మొదటి రౌండు మధ్యలోనే మణికట్టు నొప్పితో తప్పుకున్నారు. వారితో పోల్చుకునేంత దాన్ని కాదు గాని, నొప్పి మాత్రం ర్యాంకు చూసి రాదు.

ఎమ్మారై, సర్జన్ సలహా, ఆపరేషను ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. చిక్కంతా ఇన్సూరెన్సు ఫారంలోని ఒక్క గడి దగ్గర మొదలైంది. దెబ్బ తగిలిన తేదీ, సమయం, స్థలం, ఎలా తగిలింది, ఎఫ్ఐఆర్ ఉంటే దాని నకలు జతపరచండి అని అందులో ఉంది.

టెన్నిస్‌లో ఇలాంటి దెబ్బ ఒకానొక రోజున తగిలేది కాదు. ఒక వారం మట్టి కోర్టు, మరుసటి వారం హార్డ్ కోర్టు. ఊరు మారితే బంతి మారుతుంది, నాలుగు గేములయ్యేసరికి ఆ బంతి నూగు లేచి బరువెక్కుతుంది. పొద్దున లేవగానే పట్టేసిన మణికట్టు వార్మప్‌తో సర్దుకుంటుంది, రాత్రి మళ్లీ ఐసు కావలసి వస్తుంది. నా విషయంలో మొదట నీళ్ల సీసా మూత తిప్పడం కష్టమైంది, తరవాత దోసెపిండి గిన్నెను ఎడమ చేత్తో ఎత్తలేకపోయాను, ఆ రెండు నెలలూ టేపు చుట్టుకుని ఆడుతూనే ఉన్నాను. వీటిలో ఏ తేదీ వేయాలి?

క్లెయిముల కౌంటరులో ఉన్న అమ్మాయిది హిందూపురం. నేను తెలుగుదాన్నని తెలియగానే గొంతు తగ్గించి, "బాత్రూములో జారిపడ్డానని రాసేయండక్కా, రేపటికల్లా అప్రూవల్ వచ్చేస్తుంది" అంది. ఆమె ఉద్దేశం మంచిదే. నేను రాయలేదు. లైను మీద పడిన బంతిని అవుటని ఇంతవరకు అబద్ధం చెప్పనిదాన్ని, దీనికోసం చెప్పదలచుకోలేదు. ఆ గొప్పకు ఫలితంగా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టే క్యాష్‌లెస్ పోయింది, నాన్న క్రెడిట్ కార్డు గీకవలసి వచ్చింది.

తరవాత రీయింబర్స్‌మెంటుకు పెట్టుకుంటే, విచారణకని ఒక మనిషి నేను అద్దెకున్న ఇంటికి వచ్చాడు. నన్ను అడగకముందే కింద ఇంటి ఓనరు గారిని, ఈ అమ్మాయి ఎక్కడైనా పడిందా, తాగే అలవాటు ఉందా అని అడిగాడు. ఆ పైన మెట్ల మీద నన్ను నిలబెట్టి, కట్టు ఉన్న చెయ్యి పైకెత్తించి, రెండో చేతిలో పాలసీ కాగితం పట్టించి ఫొటో తీసుకున్నాడు. పోలీసు స్టేషనులో పలక పట్టుకున్న దొంగ ఫొటోలాగే వచ్చి ఉంటుంది. ఓనరు గారి భార్య గుమ్మంలో నిలబడి అంతా చూశారు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

వారం తిరక్కుండా తిరస్కరణ లేఖ వచ్చింది. ఆసుపత్రిలో చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు ఇదివరకు నొప్పి ఉండేదా అని అడిగితే, రెండేళ్లుగా అప్పుడప్పుడు ఉంటుందని మాటవరసకు అన్నాను. ఆయన కేసు షీటులో "2 ఏళ్లుగా నొప్పి" అని రాసుకున్నారు. నా పాలసీ వయసు 20 నెలలు. అందువల్ల ఇది పాలసీకి ముందే ఉన్న జబ్బట. ఫోనులో అధికారి ఒకాయన, "నొప్పి ఉన్నప్పుడు ఆడకుండా ఉంటే సరిపోయేది కదా మేడమ్" అన్నాడు. నొప్పి లేని రోజునే ఆడాలంటే ఏ టోర్నమెంటులోనూ డ్రా, అంటే ఆడేవాళ్ల పట్టిక, నిండదని ఆయనకు ఎవరు చెప్పాలి?

నన్ను చివరికి గట్టెక్కించింది నేను ఎవరికీ చూపించడానికి ఇష్టపడని ఒక స్కోరు. నా చివరి మ్యాచి ఫలితం ఐటీఎఫ్ సైటులో 4-6, 3-4 రిటైర్డ్, అంటే మధ్యలో తప్పుకున్నానని, తేదీతో సహా ఉంది. రెండో సెట్టులో ఒక రిటర్ను కొట్టగానే లోపల ఏదో తెగినట్టయింది, టోర్నమెంటు ఫిజియో వచ్చి మూడు నిమిషాల మెడికల్ టైమవుటులో కట్టు కట్టినా రాకెట్ చేతిలో నిలవలేదు. ఆ పేజీ ప్రింటు, ఫిజియో చీటీ, పాత కండరాల నొప్పికీ ఈ చిరుగుకూ సంబంధం లేదని సర్జన్ ఇచ్చిన లేఖ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి మెయిలు పెట్టాను. నెలలోగా పరిష్కరించకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే, జేపీ నగర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళతానని కూడా రాశాను. అక్కడ రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఇరవై ఆరో రోజున క్లెయిము ఆమోదించారు.

ఆటగాళ్లకు నేను చెప్పగలిగింది కొంతే. కోర్టు పక్కన ఫిజియో ఏం చేసినా తేదీతో చీటీ రాయించుకోండి. డ్యూటీ డాక్టరు రాసుకున్నది సంతకం పెట్టే ముందు చదవండి. ఫోనులో ఎవరితోనూ ఏమీ మాట్లాడకండి, అడిగిందల్లా మెయిలులో అడగమనండి.

గ్లవుజులు, సిరంజిలంటూ కోసుకున్నది పోను మిగతాది వచ్చింది. ఫిజియోథెరపీ బిల్లులు ఇంకా పంపాలి. నా పాలసీలో డిశ్చార్జి అయిన 60 రోజుల వరకే వాటిని ఇస్తారు. ఈ చెయ్యి మళ్లీ బ్యాక్‌హ్యాండ్ కొట్టడానికి ఆరు నెలలు పడుతుందని సర్జన్ అంటున్నారు.