చెమ్మతోనే అసలు పేచీ: సెయిల్‌బోటులో మా చలికాలం

చలికాలమంతా పడవలోనే ఉంటామని చెబితే అందరూ అడిగింది చలి గురించే. చెమ్మ గురించి అడిగింది ఒక్కరే, మా డాక్ (పడవలు కట్టేసే నడవ) మీదే ఏళ్ల తరబడి పడవలో కాపురం ఉంటున్న ఒక పెద్దాయన. హీటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ పరుపెత్తి చూడండి అన్నాడు. చూశాం. పరుపు అడుగున గుడ్డ తడిగా, చల్లగా తగిలింది. మూలలో నల్లటి బూజు చుక్కలు. అప్పటికింకా మంచు పడనే లేదు.

మాది 34 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు. నది సముద్రంలో కలిసే చోట ఉన్న మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, కట్టేసి ఉంటుంది. అందులో ఉండేది నేను, మా ఆయన. రాత్రి నిద్రలో ఇద్దరి ఊపిరితో, చెమటతోనే అర లీటరుకు పైగా నీరు గాల్లో కలుస్తుంది. దానికి వంట ఆవిరి, ఆరేసిన తడి కోట్లు తోడు. లోపల 20 డిగ్రీలు, బయట సున్నా, మధ్యలో పలచటి గోడ. ఆ ఆవిరి గోడకు తగలగానే నీరై కారుతుంది. అన్నిటికంటే దారుణం హ్యాచ్‌ల, అంటే పడవ కప్పులో ఉండే కిటికీ మూతల, అల్యూమినియం ఫ్రేములు. లోహం కదా, లోపలి వేడిని ఇట్టే బయటికి వదిలేసి మంచుముక్కలా చల్లబడిపోతాయి. సరిగ్గా మా పడక మీద, తలకు పైన ఒక హ్యాచ్ ఉంది. ఫ్రేము మూలనున్న స్క్రూ దగ్గర ఒక చుక్క మెల్లగా ఊరి, బరువెక్కి, తెల్లవారుజామున మా ఆయన నుదుటి మీద టప్పున పడేది.

"వాన కారుతోందా?" అన్నాడు నిద్రమత్తులో.

"వాన కాదు, మన ఊపిరే. పడుకో" అన్నాను.

పరుపు కింద గాలి ఆడేలా మందపాటి ప్లాస్టిక్ జాలీ లాంటి మ్యాట్ పరిచాం. బట్టలన్నీ గోడకు ఆనకుండా ఇవతలికి జరిపాం. అల్మరాల తలుపులు కొద్దిగా తెరిచే ఉంచేవాళ్లం. గోడల లోపలివైపు అందినంత మేర నీరు పీల్చని ఫోమ్ షీట్లు అంటించాం. హ్యాచ్‌లకు లోపల కాస్త ఎడం వదిలి పారదర్శకమైన ప్లాస్టిక్ బిగించాం. ఆ ఎడంలో చిక్కుకున్న గాలే అడ్డుగోడగా పనిచేస్తుంది. నుదుటి మీద చుక్క ఆ రోజు నుంచి ఆగిపోయింది. ఫోమ్ అంటించడం మాత్రం తల ప్రాణం తోకకు తెచ్చిన పని. పడవలో ఒక్క గోడ కూడా తిన్నగా ఉండదు.

ఇంత చేసినా ఆవిరి ఎటో ఒకవైపు బయటికి పోవాలి. అందుకని ఒక హ్యాచ్ వేలెడంత తెరిచి ఉంచుదామన్నాను. మా ఆయన ససేమిరా అన్నాడు. డబ్బు పోసి వేడి చేసుకున్న గాలిని మనమే బయటికి తోలడమేమిటని ఆయన బాధ. లెక్క చూస్తే తోలడమే మంచిది. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు దాదాపు 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. సున్నా డిగ్రీల దగ్గర అది 5 గ్రాములు కూడా మోయలేదు. అంటే బయట మంచు కురుస్తున్నా, ఆ గాలిని లోపలికి తెచ్చి వేడి చేస్తే బాగా పొడిగాలి అవుతుంది. వంట చేసేటప్పుడు, పొద్దున లేచాక కాసేపు రెండు చివర్లా హ్యాచ్‌లు తెరిస్తే, డీహ్యూమిడిఫయర్ (గాల్లో చెమ్మ లాగే యంత్రం) గంటల తరబడి లాగే చెమ్మ నిమిషాల్లో పోయేది. డీహ్యూమిడిఫయర్ అవసరం లేదని కాదు. అయితే కంప్రెసర్‌తో నడిచే రకం చల్లటి చోట సరిగ్గా పనిచేయదు. చెమ్మను పీల్చే పదార్థంతో నడిచే డెసికెంట్ రకం చలిలోనూ పనిచేస్తుంది, పైగా కాస్త వేడి కూడా ఇస్తుంది.

హీటర్ విషయంలోనూ తేల్చింది ఈ చెమ్మే. పొగగొట్టం లేని చిన్న గ్యాస్ హీటర్ చవక. కానీ కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది, అదంతా మన గదిలోకే. దానికి కార్బన్ మోనాక్సైడ్ భయం వేరే. మేం డీజిల్ హీటర్ పెట్టించాం. మంట హీటర్ లోపలి మూసిన అరలో మండుతుంది, పొగ గొట్టం ద్వారా బయటికి పోతుంది, లోపలికి వచ్చేది పొడి వేడిగాలి మాత్రమే. 2 కిలోవాట్ల హీటరు గంటకు పావు లీటరు లోపే తాగుతుంది. ఒకే చికాకు, వేడంతా పైకి చేరి తల దగ్గర ఉక్క, కాళ్ల దగ్గర ఐసు. చిన్న ఫ్యాను ఒకటి పైనుంచి కిందికి తిప్పితే కొంత నయం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు కాబట్టి పడక దగ్గర అలారం తప్పనిసరి. మంచు బాగా కురిసిన రోజు లేవగానే మొదటి పని పొగగొట్టం బయటి మూతి పూడిపోయిందేమో చూడటం.

కరెంటు హీటర్ కూడా ఒకటుంది, అయితే డాక్ మీది స్తంభం ఇచ్చేది 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లే. మొత్తం కలిపితే 3.7 కిలోవాట్ల లోపు. హీటర్ నడుస్తుండగా కెటిల్ పెడితే ఫట్‌మని ట్రిప్పయ్యేది, అర్ధరాత్రి డాక్ మీదికి వెళ్లి మళ్లీ ఆన్ చేసుకోవాలి. అందుకే ఇంట్లో ఒక చట్టం పెట్టుకున్నాం. ఎవరు కెటిల్ ముట్టుకున్నా ముందు "కెటిల్!" అని అరవాలి, రెండోవాళ్లు హీటర్ ఆపాలి. ప్లగ్గులను రోజూ చేత్తో తడిమి చూసేవాళ్లం. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి వదులైతే అక్కడే వేడెక్కుతాయి. పక్క వరసలో ఒక పడవ ప్లగ్గు అలాగే కాలి నల్లగా మాడింది. చూసినవాళ్లందరం ఆ సాయంత్రమే మా ప్లగ్గులు తుడుచుకున్నాం.

నీళ్ల కథ ఇంకోటి. గడ్డకడితే నీరు 9 శాతం దాకా ఉబ్బుతుంది, పైపులు పగులుతాయి. అందుకే పెద్ద చలి రాకముందే మెరీనావాళ్లు డాక్ మీది కుళాయిలు కట్టేస్తారు. అప్పటినుంచి గేటు దగ్గర గదిలోని కుళాయి నుంచి 20 లీటర్ల క్యాన్లు మోయడమే. ఇంజన్‌ను చల్లబరిచే నీటి దారిలో ముందే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ నింపాం. అది ప్రొపిలీన్ గ్లైకాల్. కార్లలో సాధారణంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, అది నీళ్లలోకి పోకూడదు. స్నానం ఒడ్డునే. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే పంపు గడ్డకట్టినన్నాళ్లు, దానికీ ఒడ్డుకే.

చలికాలపు మెరీనాలో నాకు నిజంగా భయం వేసింది ఈ రాకపోకల్లోనే. చాలా పడవలు ఖాళీ. రాత్రి డాక్ మీద కనపడని పలచటి ఐసు. కాలు జారితే కేక వేసినా వినేవాళ్లు ఉండరు. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 లెక్క ఒకటుంది. చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు కాళ్లు మాట వినేది 10 నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి 1 గంట. అంటే గడ్డకట్టి చచ్చిపోవడం తర్వాతి మాట, మొదటి నిమిషంలో గుటకలు మింగి మునగకుండా ఉండాలి. అందుకని చెత్త పారేయడానికి వెళ్లినా లైఫ్ జాకెట్ వేసుకునేవాళ్లం. బూట్లకు ముళ్ల పట్టీలు. డాక్ నిచ్చెనలు ఎక్కడున్నాయో చీకట్లోనూ తెలిసేలా వాటికి మెరిసే టేపు చుట్టాం. ఇది అతి జాగ్రత్త అని నవ్వినవాళ్లున్నారు, నవ్వనివ్వండి.

నీళ్లు సగం ఉప్పు, సగం తీపి కావడంతో మా దగ్గర తొందరగానే గడ్డకట్టేవి. పూర్తి సముద్రపు నీరైతే దాదాపు మైనస్ 1.9 డిగ్రీల దాకా గట్టిపడదు. పడవ అడుగున ఒక చిన్న పంపు వేలాడదీశాం. లోతున కాస్త వెచ్చగా ఉన్న నీటిని అది పైకి తోస్తుంది, పడవ చుట్టూ ఐసు పట్టదు. దాని రొద రాత్రంతా పరుపులోకి వినిపించేది. మంచు కురిస్తే ప్లాస్టిక్ పారతో కాక్‌పిట్, అంటే పడవ వెనకభాగంలో కూర్చుని నడిపే పల్లపు చోటు, ఊడ్చాలి. అక్కడి డ్రైన్లు గడ్డకట్టి మూసుకుపోతే కరిగిన నీరంతా లోపలే నిలుస్తుంది, వెనకభాగం బరువుకు దిగుతుంది. ఎవరూ చూడని పడవలు చలికాలంలో కట్టిన చోటే మునిగిపోవడానికి ఇదొక కారణం. రెండు పడవల అవతల ఒకటి అలా వెనక్కి కుంగుతుంటే పెద్దాయనా మేమూ వేడినీళ్లు పోసి డ్రైన్లు తెరిచాం. యజమానికి ఫోటో పంపితే మర్నాడు ఉదయానికల్లా వచ్చాడు పాపం.

కుళాయిలు మళ్లీ వదిలిన రోజు మా ఆయన అవసరం లేకపోయినా డెక్ మొత్తం కడిగాడు. వచ్చే చలికాలం కూడా ఇక్కడే ఉంటాం. డాక్ చివర కాకుండా గేటుకు దగ్గరగా, నీళ్ల గదికి నాలుగడుగుల్లో చోటు అడిగాం. ఇస్తామన్నారు.