చిత్తం దారం మీదే

సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ 972వ పుటలో, రామ్‌కలీ రాగంలో, ఒక గాలిపటం ఎగురుతూ ఉంటుంది. కాగితం తెచ్చారు, కత్తిరించారు, గాలిపటం చేసి ఆకాశంలోకి వదిలారు. ఎగరేసేవాడు పక్కనున్న అయిదుగురితో కబుర్లు ఆపడు. ‘చీతు సు డోరీ రాఖీఅలే’. చిత్తం మాత్రం దారం మీదే ఉంచాడు.

ఈ శబద్, అంటే భక్తి గీతం, నామ్‌దేవ్‌ది. ఆయన సిక్కు గురువు కాదు, మరాఠీ భక్తుడు. అయినా 1604లో గురు అర్జన్ కూర్చిన ఆది గ్రంథంలో, అంటే గురు గ్రంథ్ సాహిబ్ తొలి రూపంలో, ఆయన పాటలకు చోటు దొరికింది. రాఖీఅలే, ఛాడీఅలే అనే ఆ క్రియల్లోనే మరాఠీ వాసన తెలిసిపోతుంది. మన గోదావరి బాసరకు వచ్చేముందు దాటే నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది కదా, నామ్‌దేవ్ ఊరుగా చెప్పే నర్సీ ఆ పక్క జిల్లాలోనే.

గాలిపటం తర్వాత బంగారం పనిలో మునిగిన కంసాలి వస్తాడు. నీళ్లు నింపుకుని నవ్వుతూ తుళ్లుతూ నడిచే అమ్మాయిలు వస్తారు, వాళ్ల చిత్తం బిందె మీద. అయిదు కోసుల దూరంలో ఆవు మేస్తోంది, దాని చిత్తం దూడ మీద. చివరికి బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి ఇంటా బయటా పనులు చేసుకునే తల్లి.

సిక్కులకు తెల్లవారకముందు జప్‌జీ, పొద్దుగూకాక రహ్‌రాస్, పడుకునేముందు సోహిలా అనే ప్రార్థనలు ఉన్నాయి. నామ సిమరన్, అంటే దేవుడి నామస్మరణ, ఇలా వేళకు చదవడమేనని చాలాకాలం అనుకున్నాను. మరి మధ్యలో మిగిలే పగలంతా? ఇదే ప్రశ్న త్రిలోచనుడనే భక్తుడు నామ్‌దేవ్‌ను అడిగినట్టు కబీర్ సలోకుల్లో, అంటే ఆయన చిన్న పద్యాల్లో, ఉంది: బట్టలకు అద్దకం వేస్తూ కూర్చున్నావు, రాముడి మీద మనసు పెట్టవేం? నామ్‌దేవ్ జవాబు సూటిగా ఉంటుంది. నోటితో రామనామం తలుచుకో, కాళ్లూ చేతులతో పనంతా చెయ్యి, చిత్తాన్ని నిరంజనుడి దగ్గర ఉంచు. (ఈ రాముడు రూపం లేని నిరంజనుడే, దశరథుడి కొడుకు కాదు.)

ఆ శబద్‌లో నన్ను పట్టుకున్నది ఆవు. గాలిపటానికి ఒడుపు కావాలి, బిందెకు అలవాటు కావాలి. ఆవుకు ఎవరు నేర్పారు? దూడను తలుచుకోవడానికి అది మేత మానలేదు, కళ్లు మూసుకుని కూర్చోలేదు. నామ్‌దేవ్ గాలిపటం ఒడుపుతో మొదలుపెట్టి, కంసాలి పనితనాన్ని దాటి, ప్రేమ దగ్గరికి వచ్చి ఆగాడు. మనకు సాధన కుదరడం లేదని టెన్షన్ పడటమే తెలుసు, అసలు కొరత ఇంకోచోట ఉందేమో.

పోయిన వానాకాలం మా పాపకు జ్వరం. సెలవు దొరక్క ఆఫీసుకు వెళ్లాను. మీటింగులు, ఫైళ్లు, క్యాంటీన్‌లో టీ, అందరితో మాటలు, అన్నీ మామూలే. పది నిమిషాలు జపానికి కూర్చుంటే పదహారు దిక్కులకు పోయే మనసు, ఆ రోజు సాయంత్రం దాకా ఉయ్యాల దగ్గరే ఉండిపోయింది. రెండుసార్లు ఫోన్ చేసి “తగ్గిందా?” అని అడగడం తప్ప, నా పనిలో తేడా ఎవరికీ కనిపించలేదు.