మండువా లోగిలిలో లాంతరు వెలుగు: ఎల్ఈడీ డిమ్మర్ ఎంపిక, తయారీ

కోనసీమ మండువా లోగిళ్లలో రాత్రి సన్నివేశాలు తీసేటప్పుడు దూలాల వెనుక, గూళ్లలో దాచిన ఎల్ఈడీ స్ట్రిప్పుల వెలుగును లాంతరు స్థాయికి దించవలసి వస్తుంది. డిమ్మర్ సత్తా ఆ అడుగు స్థాయిలోనే తెలుస్తుంది కనుక, ఏ డిమ్మర్‌నైనా నేను ముందుగా ఒక శాతం వెలుగు దగ్గర పరీక్షిస్తాను.

ఇళ్లలో గోడకు బిగించే డిమ్మర్లు ఈ పనికి తగవు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, వాటితో తగ్గించిన వెలుగు సెకనుకు 100 సార్లు ఎగసిపడుతుంది. 24 ఫ్రేముల వేగంలో షట్టర్ కోణాన్ని (ఒక్కో ఫ్రేము ఎంతసేపు వెలుగు తీసుకోవాలో నిర్ణయించే కెమెరా అమరికను) 172.8 డిగ్రీలకు పెడితే ఒక్కో ఫ్రేము సరిగ్గా సెకనులో 50వ వంతు తెరుచుకుని, రెండేసి ఎగసిపాట్లను పూర్తిగా పట్టుకుంటుంది. అయితే స్లో మోషన్ కోసం 120 ఫ్రేములకు వెళ్లగానే ఒక్కో ఫ్రేములో ఒక్క ఎగసిపాటు కూడా పూర్తిగా పట్టదు, ఆ వెసులుబాటు పోతుంది. అందుచేత పవర్ సప్లై నుంచి స్ట్రిప్పుకు వెళ్లే డీసీ వైపునే, పీడబ్ల్యూఎం పద్ధతిలో (కరెంటును అతివేగంగా వదిలి ఆపుతూ, వదిలే వాటాను తగ్గించి), వెలుగును తగ్గించడం మేలు.

చవక కంట్రోలర్లలో చాలావాటి పీడబ్ల్యూఎం వేగం కొన్ని వందల హెర్ట్జ్ మాత్రమే. కంటికి అది తెలియకపోయినా, సెన్సర్‌ను వరుస వెంట వరుసగా చదివే కెమెరాలో అడ్డచారలు కనిపిస్తాయి. నేను 25 కిలోహెర్ట్జ్ ఎంచుకుంటాను. అది మనిషి చెవికి అందే హద్దుకు పైన ఉంటుంది కనుక, నిశ్శబ్దంగా ఉండే కాలువగట్టు ఇంట్లో సౌండ్ రికార్డిస్టు మైకుకు కూత వినిపించే ప్రమాదమూ తగ్గుతుంది.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. 25 కిలోహెర్ట్జ్‌లో ఒకసారి వెలిగి ఆరే ఆవృత్తి 40 మైక్రోసెకన్లు, అందులో ఒక శాతమంటే 0.4 మైక్రోసెకను. స్ట్రిప్పు కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ స్విచ్చు మాస్‌ఫెట్. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ రకం మాస్‌ఫెట్‌ను నడిపే కాలికి, అంటే గేటుకు, 48 నానోకూలంబుల వరకు ఛార్జి కావాలి. పల్సులను పుట్టించే చిప్పు, అంటే మైక్రోకంట్రోలర్, పిన్ను ఇవ్వగలిగే 20 మిల్లీయాంపులతో అది నిండడానికి 2.4 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకునేలోపే పల్సు ముగిసిపోతుంది. మధ్యలో 1.5 యాంపులు ఇచ్చే టీసీ4427 వంటి గేట్ డ్రైవర్‌ను (గేటును వేగంగా నింపే చిప్పును) పెడితే ఆ సమయం మైక్రోసెకనులో చిన్న భాగానికి దిగుతుంది. ధర చూసి దీనిని వదిలేసేవారున్నారు. నా దృష్టిలో బోర్డు మీద అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

తరువాత మెట్ల సంగతి, అంటే వెలుగును ఎన్ని అంచెలుగా మార్చగలమన్నది. మైక్రోకంట్రోలర్ లోపలి 16 మెగాహెర్ట్జ్ గడియారంతో (క్లాక్‌తో) 25 కిలోహెర్ట్జ్ నడిపితే దక్కేవి 640 మెట్లు, ఒక శాతానికి దిగువన ఆరు మాత్రమే. దీపం మెల్లగా ఆరిపోయే షాట్‌లో ఆ ఆరూ తెర మీద గెంతులుగా కనిపిస్తాయి. 80 మెగాహెర్ట్జ్ గడియారంతో మెట్లు 3,200 అవుతాయి, ఒక శాతం లోపల 32 దొరుకుతాయి. నాబ్ తిప్పుడును ఆ మెట్లకు సమానంగా పంచక, అడుగున ఎక్కువ తిప్పుడు కేటాయించాలి.

స్ట్రిప్పులు 24 వోల్టులవే తీసుకుంటాను. 72 వాట్ల స్ట్రిప్పుకు 12 వోల్టులైతే ఆరు యాంపులు, 24 అయితే మూడే. జనరేటర్‌ను, పవర్ సప్లైని గట్టు మీద దూరంగా ఉంచినప్పుడు కేబుల్లో పోయే వోల్టేజీ ఆ మేరకు తగ్గుతుంది. డిమ్మర్‌ను మాత్రం స్ట్రిప్పుకు దగ్గరగానే బిగించాలి, ఎందుకంటే పొడవాటి తీగలో 25 కిలోహెర్ట్జ్ పల్సులు పారితే వైర్‌లెస్ మైకుల్లోకి రొద చొరబడవచ్చు. అంతర్వేది వైపు ఉప్పుగాలికి రాగి మీద చిలుము త్వరగా పడుతుంది కనుక బోర్డుకు రక్షణ పూత తప్పనిసరి. పూత వేసే ముందు కనెక్టర్లకు టేపు చుడితే వాటి పిన్నులు శుభ్రంగా ఉంటాయి.